ఆ సీరియల్ పేరేంటి చెప్మా?

“అచ్యుత్ ఉంటాడు. యమున ఉంటుంది. రాత్రిపూట చూస్తే ఒళ్ళు జలదరించేది. పేరు నాలిక మీదే ఉంది, బయటికి రావట్లేదు...”

పాయకరావుపేటలో నలభై దాటిన ఆడవాళ్ళు నలుగురున్న చోట ఈ మాట అంటే చాలు, పూర్తయ్యేలోపే జవాబొస్తుంది. అన్వేషిత, ఈటీవీ. అంతటితో ఆగరు. శరత్‌బాబుది ఇంకోటి వచ్చేది కదా అని ఒకరు ఎత్తుకుంటే, అంతరంగాలు అని ఇంకొకరు అందుకుంటారు. దూరదర్శన్‌లో మంచి పాటతో మొదలయ్యేది అనగానే, రుతురాగాలు. పేర్లన్నీ తేలాక అసలు పేచీ మొదలవుతుంది. ఇప్పుడు చూడాలంటే అవి ఎక్కడ దొరుకుతాయి?

సినిమాతో ఈ బాధ తక్కువ. 1951 నాటి పాతాళభైరవి కావాలంటే ఫోన్ నిమిషంలో తెచ్చి ముందు పెడుతుంది. తొంభైల నాటి సీరియల్ అడిగితే ఒక ఎపిసోడ్ ముక్కో, మసకబారిన టైటిల్సో, వట్టి పాటో వస్తుంది. కొన్నింటికి ఆ మాత్రం కూడా లేదు. ఆ సినిమా వయసులో సగం కూడా లేని సీరియల్ ముందే మాయమైపోయింది.

తాండవ నదికి ఆ ఒడ్డున తుని, ఈ ఒడ్డున మా పేట. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పేట విశాఖపట్నం నుంచి అనకాపల్లి జిల్లాలోకి, తుని తూర్పుగోదావరి నుంచి కాకినాడ జిల్లాలోకి వెళ్ళాయి. అంతకుముందూ రెండూ రెండు జిల్లాలే, అయినా రైలెక్కాలంటే పేటవాళ్ళకి తుని స్టేషనే. మంచి సినిమా వచ్చిందంటే వంతెన దాటాల్సిందే. ఇంటి ఆడవాళ్ళకి సినిమా అంటే టిక్కెట్టు డబ్బులతో పోయేది కాదు. తోడు కావాలి, పిల్లల్ని చూసేవాళ్ళు కావాలి, మగాడు సరేననాలి. సీరియల్‌కి ఇవేవీ అక్కర్లేదు. కూర తరుగుతూ చూడొచ్చు, ఇస్త్రీ చేస్తూ చూడొచ్చు. మన చిన్న ఊళ్ళలో సీరియల్ ఆడవాళ్ళ సొత్తు కావడానికి కారణం ఇదే. వాళ్ళ ఏడుపు గుణం అని వెక్కిరించినవాళ్ళకి ఈ వంతెన సంగతి తట్టలేదు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. చిన్న ఊళ్ళకి టీవీ నిజంగా చేరింది ఎనభైల్లో, దేశమంతా తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు పెట్టాక. చాలాచోట్ల అందులో వచ్చేది ఢిల్లీ కార్యక్రమమే. 1984 జూలై 7న మొదలైన ‘హమ్ లోగ్’ని, 1987 జనవరి 25న మొదలైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ని మనవాళ్ళు హిందీ రాకుండానే చూశారు. రామాయణానికి భాష అడ్డమేంటి, కథ ముందే తెలుసు. ఆదివారం పొద్దున్నే తలస్నానాలు చేసి టీవీకి బొట్టు పెట్టి కూర్చున్న ఇళ్ళు దేశంలో లక్షల్లో ఉండేవి. 2020 మార్చి 28 నుంచి, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ అదే రామాయణాన్ని మళ్ళీ వేస్తే జనం ఎగబడి చూశారు. ఆ 78 ఎపిసోడ్లూ ఎక్కడికీ పోలేదు కాబట్టే వేయగలిగారు. ఎవరో జాగ్రత్తగా దాచారు.

తెలుగులో అందరికీ ఆ అదృష్టం లేదు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరు ఇంటింటికీ చేరింది దూరదర్శన్‌లో ‘ఆనందోబ్రహ్మ’తో. ఆయన 2013 డిసెంబరులో పోయారు. సినిమాల్లో ఆయన లెక్చరర్ వేషాలు ఎన్నిసార్లు కావాలన్నా చూడొచ్చు, ఆయన్ని అంతటివాణ్ణి చేసిన ఆ కార్యక్రమం మాత్రం మొదటి నుంచి చివరి దాకా వరసగా చూద్దామంటే కష్టం.

టేపు ఖరీదైన సరుకు. టీవీ కేంద్రాల్లో పాత రికార్డింగు చెరిపేసి ఆ టేపు మీదే కొత్తది తీసుకోవడం అప్పట్లో లోకమంతటా మామూలు పద్ధతి. మళ్ళీ ఎవరు చూస్తారులే అనేది ఒక కారణం, బీరువాలో చోటు లేకపోవడం ఇంకోటి. బ్రిటన్‌లో అంత పేరున్న బీబీసీ కూడా ‘డాక్టర్ హూ’ పాత ఎపిసోడ్లని అలాగే తుడిచేసింది. వాటిలో 9 ఎపిసోడ్లు 2013లో నైజీరియాలో దొరికాయని ప్రకటిస్తే అభిమానులు పండగ చేసుకున్నారు. అంతకంటే నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. బొమ్మ పోయిన ఎపిసోడ్లన్నింటికీ శబ్దం మిగిలింది. అప్పట్లో కొందరు పిల్లలు టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టి మాటలు పట్టుకున్నారు. కంపెనీ పారేసినదాన్ని చూసినవాళ్ళు దాచారన్నమాట.

మనవాళ్ళు టేప్‌రికార్డరు పెట్టలేదు కానీ పాట నేర్చేసుకున్నారు. సీరియల్‌కి టైటిల్ సాంగ్ ఉండటం మనకి గొప్ప మేలు చేసింది. మంజులా నాయుడు తీసిన రుతురాగాలు చూడని పిల్లలకి కూడా బంటి స్వరపరచిన ఆ పాట తెలుసు, వాళ్ళమ్మలు పాడగా విని. వారానికి ఐదు రోజులు అదే పాట విన్న చెవి దాన్ని ఎలా మర్చిపోతుంది? కథ మర్చిపోయినవాళ్ళు, నటుల పేర్లు మర్చిపోయినవాళ్ళు, చివరికి ఏ ఛానెలో మర్చిపోయినవాళ్ళు కూడా రెండో చరణం దాకా తప్పు లేకుండా పాడతారు. పాత సీరియల్ వెతికేవాళ్ళు మొదట పట్టుకునేది ఆ పాటనే. తర్వాత మంజులా నాయుడే జెమినిలో 2003లో చక్రవాకం, 2008లో మొగలిరేకులు తీశారు. ఆ కాలానికి ఇంటింటా కేబుల్ వచ్చేసింది, అవి అంత అపురూపం కాలేదు.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక తెలుగు సీరియల్‌కి ఊపు వచ్చింది. పెద్ద పెద్దవాళ్ళు దిగారు. బాపు రమణలు ఈటీవీకి ‘శ్రీ భాగవతం’ తీశారు. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన రాజమౌళి దర్శకుడిగా మొదట చేసింది ఈటీవీ సీరియల్ ‘శాంతి నివాసం’. స్టూడెంట్ నెం.1 వచ్చింది 2001లో, దాని తర్వాతే. రాజమౌళి మీద పుస్తకాలు రాసేవాళ్ళు ఆయన తొలి పనితనం చూద్దామంటే ఈ సీరియల్ దగ్గరికే రావాలి. అప్పుడు దాన్ని రోజూ చూసిన పేట ఇల్లాలికి తన ముందున్నది ఎవరి తొలి పనో తెలియదు. తెలియకపోతేనేం, బాగుందో లేదో మాత్రం మొహమాటం లేకుండా చెప్పేది.

దాచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అమృతం ఉంది. 2001 నవంబరు 18 నుంచి 2007 నవంబరు 18 దాకా, సరిగ్గా ఆరేళ్ళు, జెమినిలో ఆదివారం రాత్రి వచ్చింది. మొత్తం 313 ఎపిసోడ్లు. నిర్మాత గుణ్ణం గంగరాజు. సిరివెన్నెల రాసిన టైటిల్ పాటకి కల్యాణి మాలిక్ సంగీతం. అమృతం వేషం శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురు కట్టారు, జనం ఏ ఒక్కరినీ కాదనలేదు. ఎందుకంటే పక్కన గుండు హనుమంతరావు ఆంజనేయులుగా కదలకుండా ఉన్నాడు, ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ ఉన్నాడు, సర్వంగా వాసు ఇంటూరి ఉన్నాడు. నిర్మాణ సంస్థే ఎపిసోడ్లు యూట్యూబ్‌లో పెట్టింది. దాంతో అమృతం మొదలయ్యేనాటికి పుట్టనివాళ్ళు కూడా ఇవాళ అప్పాజీ డైలాగులు ఒప్పజెబుతున్నారు. 2014లో అవే పాత్రలతో సినిమా వచ్చింది, 2020 ఉగాదికి రెండో భాగం వచ్చింది. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో పోతే, సంతాపంగా జనం పంచుకున్నవాటిలో ఆంజనేయులు ముక్కలే ఎక్కువ కనిపించాయి. అమృతం గొప్పదే. కానీ అంతకు ముందు వచ్చిన హాస్యమంతా దాని ముందు దిగదుడుపని తేల్చేయడానికి వీల్లేదు, పోల్చి చూడటానికి అవి చేతికి రావు కదా.

మరి వెతికేవాళ్ళు ఎలా వెతుకుతారు? ముందు సంవత్సరం తేల్చుకోవాలి. ఏ సీరియల్ ఏ సంవత్సరంలో వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. “పెద్దాడు ఐదో క్లాసు”, “మా ఆడపడుచు పురిటికి వచ్చినప్పుడు”, “కలర్ టీవీ కొన్న యేడు”. ఈ లెక్కల్ని కేలెండరు మీదికి తేవడమే సగం పని. తర్వాత మనుషులు. అచ్యుత్ 2002 డిసెంబరులోనే పోయాడు. అంచేత అచ్యుత్ ఉన్నాడంటే అది ఆ లోపుదే. చిక్కేమిటంటే తొంభైల్లో అచ్యుత్ లేని ఛానెల్ లేదనిపించేది, ఒక సీరియల్‌లో అతని చొక్కా ఇంకో సీరియల్ కథలోకి వచ్చి కూర్చుంటుంది. యమునదీ అదే తంతు, ఆమె ఇంకో సీరియల్ ‘విధి’ సంగతులు అన్వేషితలో కలిపేసేవాళ్ళు కోకొల్లలు. అప్పుడు పాత దినపత్రికలు పట్టాలి. రోజూ టీవీ కార్యక్రమాల పట్టిక వేసేవారు కదా, ఏ రోజు ఏ గంటకి ఏది వచ్చిందో అందులో ఉంటుంది. నంది టీవీ అవార్డుల జాబితాలు ఇంకో ఆధారం. బొమ్మ దొరకకపోయినా ఫలానాది ఉండేదని, దానికి బహుమతి వచ్చిందని రుజువు.

ఆ తర్వాత అటకలు. ఎనభైలు, తొంభైల్లో ఊళ్ళలో ‘డెక్కు’ అంటే వీసీఆరే. పెళ్ళికీ, పండక్కీ టీవీతో కలిపి అద్దెకి తెచ్చుకుని రాత్రంతా సినిమాలు చూసేవాళ్ళు. సొంత డెక్కు ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు సీరియల్ రికార్డు చేసే ఉంటారు, పెళ్ళి క్యాసెట్ చివర మిగిలిన చోట్లో. అందుకే పెళ్ళి క్యాసెట్లని చివరిదాకా చూడమంటారు అనుభవజ్ఞులు. అప్పగింతలయ్యాక ఒక గీత కదిలి, ఉన్నట్టుండి ఎవరో నటి ఏడుస్తూ కనిపించవచ్చు. పేట నుంచి పెంటకోట తీరం ఎంతో దూరం లేదు, గాలిలో చెమ్మ ఎక్కువ. చెమ్మకి టేపు మీద బూజు పడుతుంది. బూజు పట్టిన టేపుని అలాగే డెక్కులో పెడితే టేపూ పాడవుతుంది, డెక్కు హెడ్డూ పాడవుతుంది. ముందు తెరిచి శుభ్రం చేయించాలి. చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. వీసీఆర్లు తయారుచేసే చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. మిగిలిన డెక్కులన్నీ పాతవే, వాటి రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి.

ఇన్ని కష్టాలు పడి ఒక ఎపిసోడ్ పైకి తెచ్చి నెట్‌లో పెట్టారనుకోండి, హక్కులు మావి అని ఒకరు తీసేయించొచ్చు. చట్టం వాళ్ళ పక్షమే. మన కాపీరైటు చట్టం ప్రకారం ఇలాంటివాటికి హక్కు ప్రసారమైన మరుసటి యేడు నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. 1997లో వచ్చిన సీరియల్‌కి అది 2057 చివర్లో గాని తీరదు. హక్కుదారు తనే పెడితే గొడవే లేదు, కొన్ని ఛానెళ్ళు పాతవాటిలో కొన్ని పెట్టాయి కూడా. ప్రసార భారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ అని సొంత యాప్ తెచ్చి దూరదర్శన్ పాత సరుకు అందులో పెట్టింది. ఇబ్బందల్లా నిర్మాత పోయి, సంస్థ మూతపడి, వారసులకి తమ దగ్గర హక్కుందనే సంగతి తెలియని సీరియళ్ళతో. వాటిని ఎవరూ పెట్టరు, పెట్టినవాళ్ళని ఎవరో ఒకరు ఆపుతారు. సినిమాలకి 1964లోనే పుణెలో జాతీయ ఆర్కైవ్ వచ్చింది. అప్పటికే మన తెలుగువాళ్ళ మొదటి మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’ పోయింది. సీరియళ్ళకి అలాంటి చోటు ఇప్పటికీ లేదు. పోగొట్టుకుంటున్నామని అనుకోనప్పుడు దాచాలని ఎందుకు తోస్తుంది? ఆడవాళ్ళ కాలక్షేపం, అంతేగా అన్నారు. ఆ కాలక్షేపం చేసినవాళ్ళే ఇప్పుడు దానికున్న ఏకైక కేటలాగు.

దొరికాక ఏమవుతుందో కూడా చెప్పాలి. చాలామంది మూడో ఎపిసోడ్ దగ్గర ఆగిపోతారు. గుమ్మం దగ్గర ఒక మనిషి, గుమ్మం లోపల ఒక మనిషి, వాళ్ళ మధ్య మూడు నిమిషాల చూపులు. అప్పుడు అది నెమ్మదిగా అనిపించలేదు, ఇప్పుడు చెయ్యి ముందుకి జరపడానికి పోతుంది. పాట మాత్రం మొత్తం వింటారు, రెండుసార్లు.

మా అత్తయ్య మొత్తం చూడాలన్న ఆశ పెట్టుకోలేదు. ఆమెకి కావాల్సింది ఒకే ఒక్క సీరియల్ ఆఖరి ఎపిసోడ్. ఆ రోజు కరెంటు పోయింది. వీధి అవతల, తన వదినగారింట్లో కరెంటు ఉంది, ఆవిడ చూసింది. మర్నాడు ఆవిడ చెప్పిన ముగింపు అత్తయ్య ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

“మొగుడితో కాపరానికి ఎల్లిపోయిందే, నా కళ్ళతో చూశాను” అంటుంది ఆ వదిన.

“అదేటి వదినా, అన్ని మాటలన్నోడితో ఎలా ఎళ్తుంది? ఉద్యోగానికి రైలెక్కి ఉంటుంది. నువ్వు మధ్యలో పాలు కాయడానికి లేచావు.”

“పాలు కాయడం అంతకుముందే అయిపోనాది.”

“అయితే నిద్దరోయుంటావు.”

టేపు లేదు, పట్టికలో పేరు తప్ప ఏమీ లేదు. మా వీధిలో ఆ సీరియల్ ఇప్పటికీ రెండు రకాలుగా ముగుస్తోంది.