కూలిన చెట్టు ఎన్నాళ్లుంటుంది?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలు, గుట్టల మీద ఆకురాల్చే అడవులు ఎక్కువ. ఇక్కడ పడిపోయిన మాను కొన్నిసార్లు రెండు వానాకాలాలకే డొల్లవుతుంది, కొన్నిసార్లు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ తేడా ఎందుకొస్తుందో చెప్పే కొన్ని విశేషాలు...

● ఇక్కడ రెండేళ్లు, అక్కడ ఇరవై: ఆరు ఖండాల్లో 55 చోట్ల అడవుల్లో కర్రముక్కలు ఉంచి మూడేళ్లు గమనించిన శాస్త్రవేత్తలు 2021లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఉష్ణమండల అడవుల్లో కర్ర ఏడాదికి సగటున 28 శాతం బరువు కోల్పోయింది. సమశీతోష్ణ అడవుల్లో 6 శాతం, ఉత్తరాది చలి అడవుల్లో 3 శాతం. ఈ లెక్కన మన దగ్గర రెండేళ్లలో సగమయ్యే కర్ర ఆ చలి అడవుల్లో సగం కావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అయితే ఇది సన్నటి కర్రల లెక్క. పెద్ద మానుకు ఇంకా ఎక్కువ కాలం కావాలి.

● పుచ్చును చూస్తే తెలుస్తుంది: కర్రలో దాదాపు సగం సెల్యులోజ్. దాన్ని గట్టిగా పట్టి ఉంచేది లిగ్నిన్. లిగ్నిన్‌ను కూడా అరిగించుకునే బూజు పడితే కర్ర తెల్లబడి, మెత్తబడి, వేళ్లతో లాగితే పీచుపీచుగా ఊడొస్తుంది. మరో రకం బూజు సెల్యులోజ్ తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది. అప్పుడు కర్ర గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా పగిలి, నలిపితే పొడి అవుతుంది.

● తడి లేకపోతే చీకదు: కలపలో తేమ 20 శాతానికి మించకుండా ఉంటే బూజు పెరగదు. పూర్తిగా నీళ్లలో మునిగిన దుంగ కూడా త్వరగా చీకదు. అక్కడ బూజుకు గాలి అందదు మరి. నేలలో పాతిన గుంజ సరిగ్గా నేలమట్టం దగ్గరే పుచ్చడానికి కారణం ఇదే, గాలీ తేమా రెండూ దొరికే చోటది. తిరువూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోని కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్లపొణికి చాలా మెత్తటి, తేలికైన కలప. కళాకారులు దాన్ని సన్నటి సెగ మీద కాచి, తేమ పోగొట్టాకే చెక్కుతారు.

● చెదలు తడిని వెంట తెచ్చుకుంటాయి: ఎండలు ముదిరి బూజు పని ఆగిపోయినా చెద ఆగదు. పడిన కొమ్మ మీద అంటుకున్న ఎర్రమట్టి పొరను గోటితో పెకలించి చూడండి. లోపల మట్టి చెమ్మగా ఉంటుంది, తెల్లటి చెదలు కకావికలై పరిగెడతాయి. ఎండ సోకకుండా అవి కట్టుకున్న పందిరి అది. ఆరు ఖండాల్లో 133 చోట్ల జరిపిన మరో పరిశీలన 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బూజు, బ్యాక్టీరియాల వేగం రెట్టింపుకు దగ్గరవుతుంది. చెదలు కర్రను వెతికి తినే వేగమైతే ఆరున్నర రెట్లు దాటుతుంది!

● పుట్టలో సేద్యం: మన పుట్టలు పెట్టే చెదలు కర్రను నమిలి, ఆ పిప్పిని పుట్ట లోపల గదుల్లో పేర్చి, దాని మీద బూజు పెంచుతాయి. కర్రను అరిగించే పని బూజుది, తయారైన మేత చెదలది. ఈ సేద్యం మొదలై దాదాపు 3 కోట్ల ఏళ్లయిందని అంచనా. వానలు పడ్డాక పైకి తన్నుకొచ్చే పుట్టగొడుగుల్లో రుచికి పేరుపడ్డవి ఆ తోట పంటే. మనుషులకు మాత్రం వాటిని సాగుచేయడం ఇంకా పట్టుబడలేదు. తొలకరికి దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు ఈ పుట్టల నుంచి వచ్చేవే.

● చేవలో మందు: ఒకే టేకు దుంగలో అంచున ఉన్న తెల్లచెక్కను చెద తినేస్తుంది, నడిమి చేవను వదిలేస్తుంది. చేవలో చేరే టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు చెదకు గిట్టవు. బూరుగు మానులో ఇలాంటి రక్షణ లేదు కాబట్టే కొట్టిన కొద్దికాలానికే పుచ్చుతుంది.

● వెదురుకు చెరువు స్నానం: పచ్చి వెదురులోని పిండిపదార్థం కోసమే తొలిచే పురుగు వస్తుంది. కొట్టిన బొంగులను కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే ఆ పిండి తగ్గిపోతుంది, పురుగు బెడద తగ్గుతుంది. పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది.

● చావకముందే మొదలు: మామిడి మొదట్లో రంపపు పొట్టులాంటి పిప్పి రాలుతుంటే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టే. మీసాలు పొడవుగా ఉండే ఒక పెంకుపురుగు పిల్ల అది. రైతులు ఇనుప చువ్వ దూర్చి పురుగును చంపి, రంధ్రాన్ని బంకమట్టితో మూస్తారు. అశ్రద్ధ చేస్తే నిలబడి ఉండగానే చెట్టు డొల్లవుతుంది.

● డొల్లకూ గిరాకీ: పుచ్చిన మాను వడ్రంగి పిట్టకు తొలచడం సులువు. అది గూడు వదిలేశాక రామచిలుకలు, గోరింకలు దిగుతాయి. ఒక్క ఎండుమాను కూడా మిగల్చకుండా ఏరేసిన అడవిలో ఈ పక్షులకు చోటు కరువే.

● కర్ర కోల్పోయే బరువు ఎటు పోతుంది? ఎక్కువ భాగం గాలిలోకే. ప్రపంచవ్యాప్తంగా ఎండుకర్ర కుళ్లడం వల్ల ఏటా సుమారు 1,090 కోట్ల టన్నుల కార్బన్ విడుదలవుతుందనీ, అందులో 93 శాతం ఉష్ణమండల అడవులదేననీ పైన చెప్పిన 2021 పరిశోధన అంచనా. అడవి అడవిగా ఉన్నంతకాలం పెరిగే చెట్లు మళ్లీ కార్బన్‌ను పీల్చుకుంటూనే ఉంటాయి. కుళ్లిన కర్రలో మిగిలిన కొంత నేలలో కలిసి, తేమను పట్టి ఉంచుతుంది.

● కుళ్లకుండా తప్పించుకున్నది: తిరువూరు దాటి తెలంగాణలోకి వెళితే ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. గోదావరి లోయలో ఈ నిక్షేపాల జాడను 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనిపెట్టారు. 25 కోట్ల ఏళ్లకు పూర్వం గ్లోసోప్టెరిస్ లాంటి చెట్లు చిత్తడి నేలల్లో కూలి, గాలి అందని బురద కింద పడి ఉండటం వల్ల పూర్తిగా కుళ్లలేదు. అందుకే బొగ్గయ్యాయి. అప్పుడు బూజుకు దక్కని ఆ కార్బన్‌ను ఇప్పుడు థర్మల్ కేంద్రాల బాయిలర్లు క్షణాల్లో గాలిలో కలుపుతున్నాయి. చెదకు ఏళ్లు పట్టే పని అది!