కారు అద్దం మీద ఏ స్టిక్కర్ ఉండాలి, ఏది వద్దు

అనంతపురం నుంచి బెంగళూరు పోయే ప్రతి కుటుంబానికీ ఈ సీన్ తెలిసిందే. టోల్ గేటు దగ్గరికి రాగానే ముందు సీట్లో కూర్చున్నాయన డ్యాష్‌బోర్డు అరలోంచి ఫాస్టాగ్ తీసి అద్దానికి ఆనించి పట్టుకుంటాడు. ఒక్కోసారి గేటు లేస్తుంది, ఒక్కోసారి లేవదు. మా మామూకు ఈమధ్య లేవలేదు. నానీని ఆసుపత్రికి తీసుకుపోతున్నారు, వెనకాల లారీలు హారన్ కొడుతున్నాయి. "ట్యాగ్ ఉంది, అందులో పైసలు ఉన్నాయి, మళ్లీ డబుల్ ఎందుకు కట్టాలి?" అని మామూ గొడవ.

గొడవలో న్యాయం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ రూలు మామూ వైపు లేదు. ఫాస్టాగ్ దగ్గర ఉంటే సరిపోదు, అది ముందు అద్దానికి లోపలి నుంచి అతికించి ఉండాలి. కావాలని అతికించకుండా వచ్చే బండ్లకు రెట్టింపు టోల్ వసూలు చేయాలని జాతీయ రహదారుల సంస్థ 2024 జూలైలో చెప్పింది. చేతిలో పట్టుకుని చూపించే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెట్టాలని 2025 జూలైలో ఇంకో ఆదేశం వచ్చింది. కారణం లేకపోలేదు. కొందరు ఒకే ట్యాగును రెండు మూడు బండ్లకు మార్చి మార్చి వాడుతున్నారు, కారు ట్యాగుతో సరుకు బండిని దాటించేవాళ్లూ ఉన్నారు. ఒక బండికి ఒకటే ట్యాగు, ఒక ట్యాగుకు ఒకటే బండి.

ట్యాగు అసలే లేకపోయినా, పనిచేయకపోయినా 2025 నవంబర్ 15న తెచ్చిన లెక్క ఇలా ఉండేది: మామూలు టోల్ 100 రూపాయలైతే నగదు ఇచ్చేవాళ్లకు 200, ఫోన్‌లో యూపీఐతో కట్టేవాళ్లకు 125.

ఎక్కడ అతికించాలి? అద్దం పై భాగంలో మధ్యన, లోపలి అద్దం (వెనక బండ్లు చూసుకునేది) వెనకాల. మన ఎండకు అద్దం కాలిపోతూ ఉంటుంది, దాని మీద దుమ్ము పొర. అందుకే ముందు పొడి గుడ్డతో బాగా తుడిచి, బండి నీడలో ఉన్నప్పుడు పెట్టండి. ట్యాగులో బ్యాటరీ ఉండదు. గేటు మీది యంత్రం పంపే రేడియో తరంగాలతోనే అది పలుకుతుంది. లోపల సన్నటి తీగ లాంటి యాంటెన్నా ఉంటుంది. ఒకసారి అతికించింది పీకితే అది తెగుతుంది, ఇక ఆ ట్యాగు పనికిరాదు. టేపు వేసి మళ్లీ అంటిస్తే లాభం లేదు, బ్యాంకును అడిగి కొత్తది తీసుకోవాల్సిందే.

రెండో స్టిక్కర్ సంగతి చాలామందికి తెలియదు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కార్లకు హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్లతో పాటు ముందు అద్దం లోపల ఎడమ పై మూలన ఒక రంగు స్టిక్కర్ ఉండాలి. ముందు ప్లేటు, వెనక ప్లేటు తర్వాత ఇది బండికి మూడో నంబర్ గుర్తు. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకు లేత నీలం, డీజిల్‌కు నారింజ, మిగతావాటికి బూడిద రంగు. బీఎస్-6 బండ్లకు పైన ఒక సెంటీమీటరు ఆకుపచ్చ పట్టీ కూడా. రిజిస్ట్రేషన్ నంబర్, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ దాని మీదే ఉంటాయి. పీకితే చిరిగిపోయేలా కావాలనే చేశారు, దొంగ ప్లేట్లు పెట్టుకుని తిరిగేవాళ్లను పట్టుకోవడానికి.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యమంటే, హిందూపురం, కదిరి, పెనుకొండ వైపు మనవాళ్లు బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కార్లు కొనడం ఎక్కువ. కేఏ నంబర్ బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఆంధ్రా నంబర్‌కు మార్చుకోవాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, ప్లేట్లు మార్పించుకుంటారు సరే. అద్దం మీద మాత్రం పాత కేఏ నంబర్ స్టిక్కర్ అలాగే ఉండిపోతుంది! ఫాస్టాగ్ కూడా పాత ఓనరు పేరు మీదే. ప్లేట్లు మార్చిన రోజే ఈ రెండూ మార్చుకోండి. అలాగే మీరు కారు అమ్మితే మీ ఫాస్టాగ్ మూసేయండి. లేకపోతే కొన్నాయన మరూరు గేటు దాటినప్పుడల్లా మెసేజ్ మీ ఫోన్‌కు వస్తుంది, డబ్బు మీ ఖాతా నుంచి పోతుంది.

హైవే మీద కంకర లారీ వెనకాల పోయి అద్దం పగిలినా ఇదే కథ. కొత్త అద్దం వేయించేటప్పుడు పాత అద్దంతో పాటు రెండు స్టిక్కర్లూ పోతాయి. మెకానిక్ భాయ్ గుర్తుచేయడు, అది ఆయన పని కాదు. ఫాస్టాగ్ కోసం బ్యాంకును, రంగు స్టిక్కర్ కోసం ఆర్‌సీ తీసుకుని డీలర్‌ను అడగాలి.

వారం వారం బెంగళూరు పోయివచ్చేవాళ్లు ఒక లెక్క చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు వార్షిక పాస్ ఉంది, మొదలుపెట్టినప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. ఆ ధరకు గేటు దాటడానికి 15 రూపాయలే పడేది. అయితే ట్యాగు సరిగ్గా అతికించి ఉండాలి, రిజిస్ట్రేషన్ నంబర్ దానికి జోడై ఉండాలి. ఛాసిస్ నంబర్ మీద మాత్రమే తీసుకున్న ట్యాగుకు పాస్ ఇవ్వరు. జాతీయ రహదారుల గేట్లలోనే చెల్లుతుంది, ట్యాక్సీలకు లేదు.

ఇక అద్దం మీద అక్కర్లేనివి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు అద్దానికి అంటించక్కర్లేదు, డిజిలాకర్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ చూపించినా చెల్లుతుంది. ఎండకు తట్టుకోలేక నల్ల ఫిల్మ్ వేయించుకునేవాళ్లు మన ఊళ్లో బోలెడు. అద్దానికి నల్ల ఫిల్మ్ అతికించవద్దని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న చెప్పింది, పోలీసులు జరిమానా వేసేది ఆ తీర్పు చూపించే.

786, మాషా అల్లాహ్ స్టిక్కర్ల గురించి చాలామంది అడుగుతారు. నంబర్ ప్లేటు మీద మాత్రం వద్దు, అక్కడ రిజిస్ట్రేషన్ నంబర్ తప్ప ఇంకేమీ రాయకూడదు. ఎవరి కులం పేరైనా, పార్టీ పేరైనా ఇదే రూలు. 786 నంబరే కావాలంటే రవాణా శాఖ వేలంలో పాడుకోవచ్చు, అది సక్రమమైన దారి. స్టిక్కర్ పెట్టుకోవాలనుకుంటే వెనక అద్దం కింది మూలన చిన్నది పెట్టుకోండి. ముందు అద్దం నిండా పెద్ద అక్షరాలు రాయించినవాళ్లను చూశాను, మలుపులో పిల్లోడు అడ్డం వస్తే కనిపించడు.

మామూ ఇప్పుడు ట్యాగు అతికించాడు. టోల్ దగ్గర తేడా వస్తే 1033కు ఫోన్ చేయమని నంబర్ కూడా సేవ్ చేసిచ్చాను.