పాలపళ్లేగా అనుకోవద్దు

మా పెద్దవాడికి ఏడాది దాటిన రోజులవి. రాత్రి లేచి ఏడ్చినప్పుడెల్లా పంచదార కలిపిన పాలసీసా నోటికందించి పడుకోబెట్టేవాళ్లం. తెల్లవారి ఆరాధనకు వెళ్లవలసిన మాకు బిడ్డ నిద్రపోతే చాలుననిపించేది. కొన్నాళ్లకు పైవరుస ముందుపళ్ల మీద, చిగురును ఆనుకొని, సున్నం రాసినట్టు తెల్లని చారలు కనబడ్డాయి. పాలమరకలనుకున్నాం. అవి గోధుమరంగుకు తిరిగి, పళ్లు పెళుసుబారి విరిగాక గాని దంతవైద్యుని దగ్గరకు పోలేదు. "పాలపళ్లేగా, ఎలాగూ ఊడేవే" అని ఇంటి పెద్దలు ఓదార్చారు. వాడు అన్నం నమలలేక ఏడుస్తుంటే ఆ మాట మాకు ఓదార్పు కాలేదు.

పాలపళ్లంటే చులకన తగదు. దవడల పాలపళ్లు 10, 12 ఏళ్ల దాకా ఉండవలసినవి. కింద ఎదిగే పళ్లకు చోటు కాచిపెట్టేవి అవే.

తల్లులారా, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. సీసాపాలు పళ్ల చుట్టూ నిలిచిపోతే నోటిలోని సూక్ష్మక్రిములు ఆ తీపిని ఆమ్లంగా మారుస్తాయి. కింది ముందుపళ్లను నాలుక కొంత కాపాడుతుంది. పైవాటికి ఆ అండ లేదు. కనుక సీసాతో పడుకోబెట్టకండి. మా రెండవ బిడ్డకు ఏడాది నిండాక రాత్రిపాలలో రోజురోజుకూ నీళ్లు పెంచుతూ మాన్పించాం. నాలుగు రాత్రులు మాకు నిద్ర లేదు, అంతే. పాలపీకను తేనెలో ముంచి ఇవ్వడం అసలే వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదకరం కూడా.

శ్రద్ధ పన్ను రాకముందే మొదలుకావాలి. చేతులు కడుక్కొని, శుభ్రమైన మెత్తని గుడ్డను తడిపి వేలికి చుట్టి చిగుళ్లను మృదువుగా తుడవండి. 6 నెలల ప్రాంతంలో సాధారణంగా కింది పళ్లు రెండు తొంగిచూస్తాయి; 3 ఏళ్ల నాటికి 20 పూర్తవుతాయి. మొదటి పన్ను నాటినుంచి చిన్న మెత్తని బ్రష్‌తో, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు 2 సార్లు తోమాలి. నల్గొండ ప్రాంతంలో వలె నీటిలో ఫ్లోరైడ్ హెచ్చుగా ఉన్నచోట వైద్యుని అడిగి వాడండి. మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి దంతవైద్యునికి చూపించడం మంచిది.

పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, దొరికినదెల్లా కొరుకుతారు. చల్లని తడిగుడ్డ నమలనిస్తే హాయి. అయితే విరేచనాలను, గట్టి జ్వరాన్ని "పళ్లొస్తున్నాయిలే" అని విడిచిపెట్టకండి. మా సంఘంలో ఒక తల్లి అలాగే మూడు రోజులు ఊరుకుంది. బిడ్డ కళ్లు గుంటలు పడి, మూత్రం తగ్గిపోయాక ఆసుపత్రికి పరుగెత్తాం. బతికాడు. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ ఇంట్లోనే, అలమరాలో, విప్పకుండా ఉంది.