వంకరపోయిన కాలివేళ్ళకు శస్త్రచికిత్స: చింతూరు మన్యం నుంచి చూస్తే

కాలివేలు వంగిపోయిందంటే లోపం చాలాసార్లు వేలిలో ఉండదు. పాదం లోపలి చిన్న కండరాలు బలహీనపడితే పిక్క నుంచి దిగే పొడవాటి కండరాల లాగుడుకు ఎదురు ఉండదు. అప్పుడు వేలు మొదట్లో పైకి లేచి, మధ్య కీలు దగ్గర కిందికి మడతపడుతుంది. మడత పైభాగం చెప్పు పట్టీకి ఒరుసుకుంటుంది, వేలి కొస నేలకు గుచ్చుకుంటుంది, నడకలో పడే బరువంతా వేళ్ళ మొదళ్ళ కింది ఎముకల మీదికి చేరుతుంది. ముందు ఆనెకాయ, తర్వాత పుండు, ఆ తర్వాత ఎముకకు చీము. స్పర్శ ఉన్న పాదమైతే నొప్పితో మొదట్లోనే హెచ్చరిస్తుంది. స్పర్శ లేని పాదానికి ఆ హెచ్చరిక కూడా అందదు.

దీనికి దారితీసే జబ్బులు ఊరిని బట్టి మారతాయి. నగరాల్లోనూ విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లోనూ మధుమేహం, కీళ్ళవాతం, ముందువైపు ఇరుకుగా ఉండే బూట్లు ఎక్కువగా కనిపించే కారణాలు. బొటనవేలు పక్కకు వాలి, దాని మొదట్లో ఎముక ఉబ్బెత్తుగా పొడుచుకువచ్చే లోపం ఈ కోవలోదే. మన్యంలో వీటికి తోడు కుష్ఠును కూడా మరచిపోకూడదు. లోపలి చీలమండ వెనకగా అరికాలికి వెళ్ళే నరాన్ని ఆ వ్యాధి దెబ్బతీసినప్పుడు అరికాలి స్పర్శ, వేళ్ళను నిటారుగా నిలిపే చిన్న కండరాల బలం రెండూ పోతాయి. దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకటి కంటే తక్కువ కేసులన్న లక్ష్యాన్ని భారతదేశం 2005 డిసెంబరులో చేరుకుంది. బహుళ ఔషధ చికిత్స 1995 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఉచితంగా అందుతోంది, వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో మందులు వాడితే క్రిమి నశిస్తుంది. అయితే చాలాకాలం కిందటే చచ్చుబడిన నరం మందులతో తిరిగి రాదు. శస్త్రచికిత్స అవసరం అక్కడ మొదలవుతుంది.

ఈ అవసరాన్ని వైద్యలోకానికి గట్టిగా చాటినవాడు పాల్ బ్రాండ్. తూర్పు కనుమల్లోనే, తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఈ సర్జను 1940ల చివర వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులకు స్నాయువులు మార్చే శస్త్రచికిత్సలు ప్రారంభించాడు. వేళ్ళు కుళ్ళి రాలిపోతాయన్న పాత నమ్మకాన్ని ఆయన పరిశీలన తోసిపుచ్చింది. స్పర్శ లేక తగిలే దెబ్బలు, కాలిన గాయాలు, మానని పుండ్లే వేళ్ళను తినేస్తున్నాయని తేల్చింది. ఇప్పటి పాద శస్త్రచికిత్స, పాదరక్షల పద్ధతి ఆ అవగాహన మీదే నిలబడ్డాయి.

చింతూరు శబరి ఒడ్డున, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులకు దగ్గరగా ఉంది. కోయలు, కొండరెడ్లు ఎక్కువగా ఉండే ఈ మండలం 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఈ మార్పులు రోగి ప్రయాణాన్నీ మార్చాయి. అలవాటైన పెద్ద ఊరు భద్రాచలం ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉంది. సొంత రాష్ట్రంలో ఎముకల సర్జన్లున్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు కావాలంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగి, రంపచోడవరం మీదుగా రాజమహేంద్రవరమో కాకినాడో చేరాలి. వంద కిలోమీటర్లు దాటే దారి అది. వానాకాలంలో గోదావరి ఎగదన్నితే శబరి పొంగి దారులు మునుగుతాయి. వేలి ఆపరేషనుకు తేదీ నిర్ణయించేటప్పుడు డాక్టరు ఖాళీతో పాటు ఈ నదినీ చూసుకోవాలి.

వంకర వేలు ప్రతిదానికీ కత్తి అక్కర్లేదు. నొప్పి లేకుండా, పుండు పడకుండా, చెప్పుకు అడ్డం రాకుండా ఉన్న వేలిని అందం కోసం కోయడం మంచి సలహా కాదు. ముందు వెడల్పైన చెప్పులు, మెత్తటి అట్టలు, వ్యాయామాలు ప్రయత్నిస్తారు. పుట్టుకతో వచ్చే ఆరో వేలి సంగతి వేరు. దాన్ని తొలగించాలనుకుంటే బిడ్డకు ఏడాది వయసు వచ్చే వేళకు చేయించడం సాధారణ పద్ధతి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్లో లోపాలను గుర్తించి పై ఆసుపత్రికి పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అంగన్‌వాడీకీ బడికీ వచ్చే ఆ బృందానికి బిడ్డ పాదాన్ని చూపించడమే తొలి మెట్టు.

పెద్దవారిలో సర్జను మొదట తేల్చుకునేది వేలు చేత్తో సాగదీస్తే నిటారుగా వస్తుందా, బిగుసుకుపోయిందా అని. ఆపరేషను రకం దాని మీద ఆధారపడుతుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే, పాదం మీది నాడి, సన్నని నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష, చక్కెర, హిమోగ్లోబిన్ తప్పనిసరి. మన్యంలో మరో పరీక్షను ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు, అది సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు చేసేది. రక్తం కారకుండా కాలికి గాలిపట్టీ బిగించి చేసే ఆపరేషను కాబట్టి, ఆ జబ్బు ఉన్నవారికి ముందే తెలిసి తీరాల్సిన జాగ్రత్తలున్నాయి. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఈ పరీక్ష జరిగి ఉంటే అక్కడ ఇచ్చిన కార్డును వెంట తీసుకెళ్ళాలి. కుష్ఠు రోగులకు నిబంధనలు ఇంకా కఠినం. మందుల కోర్సు సాగుతుండగానో పూర్తయ్యాకో వ్యాధి అదుపులో ఉండాలి, కొన్ని నెలలుగా రియాక్షన్ (కుష్ఠులో నరాలకూ చర్మానికీ హఠాత్తుగా వచ్చే వాపు) రాకుండా ఉండాలి, అరికాలిలో పుండు పూర్తిగా మానాలి. పుండు మాన్పడానికి పట్టే వారాలు ఆపరేషను కంటే ఎక్కువ ఓపిక అడుగుతాయి. అక్కడ తొందరపడితే చీము ఎముకకు పాకుతుంది.

ఆపరేషను సాధారణంగా గంటలోపే ముగుస్తుంది. చీలమండ దగ్గరో వెన్నులోనో మత్తు ఇస్తారు, రోగి మెలకువగానే ఉంటాడు. సాగే వేలికి, కిందికి లాగుతున్న పొడవాటి స్నాయువును తెంచి వేలి పైభాగానికి కుడతారు. వంచుతున్న బలమే ఇక వేలి మొదటిని కిందికి దించి నిటారుగా నిలుపుతుంది. బిగుసుకుపోయిన వేలికి మధ్య కీలులో కొంత ఎముక తీసి, వేలిని సరిచేసి, కొస నుంచి సన్నని ఉక్కు తీగ గుచ్చి నిలబెడతారు. జర్మన్ సర్జను కిర్ష్నర్ పేరుతో పిలిచే ఈ తీగ కొస వేలి బయటికి కనిపిస్తుంది. చూడటానికి భయపెట్టినా, నాలుగు నుంచి ఆరు వారాలకు ఔట్ పేషెంట్ విభాగంలోనే దాన్ని లాగేస్తారు. పక్కకు వాలిన బొటనవేలికి మాత్రం ఎముకను కోసి జరిపి స్క్రూలతో బిగించాలి, కోలుకోవడానికీ ఎక్కువ కాలం పడుతుంది. వేలికి రక్తప్రసారం తగ్గడం, చీము పట్టడం, వేలు బిగుసుకుపోవడం, కొన్నేళ్ళకు మళ్ళీ వంగడం ఈ ఆపరేషన్లలో ఉన్న ప్రమాదాలు. వేలు తెల్లబడినా నల్లబడినా ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి.

తర్వాతి కథ నిదానంగా సాగుతుంది. మొదటి కొన్ని రోజులు కాలు గుండె కంటే ఎత్తులో ఉంచాలి. కుట్లు రెండు వారాలకు, స్పర్శ లేని పాదానికి ఇంకాస్త ఆలస్యంగా తీస్తారు. తీగ ఉన్నన్నాళ్ళు బరువు మడమ మీదే వెయ్యాలి, కట్టు తడవకూడదు. బురదలో దిగడం, పోడు పని, అడవికి వెళ్ళడం కనీసం రెండు నెలలు కుదరవు. వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలు దాటవచ్చు.

ఖర్చు విషయంలో లెక్క తప్పేది సరిగ్గా ఈ కోలుకునే రోజుల్లోనే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషనుకు చేతి డబ్బు పెద్దగా అక్కర్లేదు. తీగ ధర వందల్లో ఉంటుంది, బొటనవేలికి వాడే స్క్రూలు మాత్రం వేలల్లోకి వెళతాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద చేయించుకోవాలంటే, తమ చికిత్స ప్యాకేజీల జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగాలి. పొరుగు రాష్ట్రంలోని ఆసుపత్రికి ఆ పథకం వర్తిస్తుందని ఊహించుకుని బయల్దేరకూడదు. కుష్ఠు వల్ల వంగిన వేళ్ళకైతే జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద పునర్నిర్మాణ శస్త్రచికిత్స ఉచితం. పైగా రోగి కోల్పోయే కూలికి బదులుగా సంక్షేమ భత్యం ఉంది. గతంలో 8,000 రూపాయలుగా ఉన్న అది 12,000కు పెరిగింది. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి, 1958లో రాణి కుముదినీ దేవి హైదరాబాదు కూకట్‌పల్లిలో నెలకొల్పిన శివానంద పునరావాస కేంద్రం కుష్ఠు సేవలో తెలుగువారికి చిరకాలంగా తెలిసిన సంస్థలు.

ఏ బిల్లులోనూ కనిపించని ఖర్చే అసలు భారం. ఆపరేషనుకు ముందొకసారి, కుట్లకు, తీగకు, వ్యాయామానికి మళ్ళీ మళ్ళీ ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. తోడు వచ్చేవారి తిండి, బస ఉంటాయి, ఇద్దరి కూలీ పోతుంది. ఇప్పపువ్వు వేసవి మొదట్లో రాలుతుంది, తునికాకు ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. ఏడాదికి చేతిలో నగదు పడే ఆ వారాలను మంచం మీద గడపమంటే రోగి ఆపరేషను మానుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. వానలు వెళ్ళి, వరి కోతలు ముగిసి, ఇప్పపువ్వు ఇంకా రాలని డిసెంబరు, జనవరి నెలలు ఇందుకు అనువైనవి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన ఆరోగ్య ఆసరా రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000కు మించకుండా కోలుకునే కాలానికి ఇచ్చేలా రూపొందింది. వైద్యం ఉచితమైనా కోలుకునే రోజులు ఉచితం కావని ఒప్పుకున్న ఆలోచన అది. ఊరి కోసం ఏదైనా చేయాలనుకునే ప్రవాస సంఘం తన సాయాన్ని ఆపరేషను బల్ల కంటే ఈ రాకపోకలకూ తోడు మనిషి కూలికీ మళ్ళిస్తే ఎక్కువ పాదాలు నిలబడతాయి.

అమెరికాలోని తెలుగువారికి ఇదే శస్త్రచికిత్స వేరే చిక్కులతో వస్తుంది. అక్కడ సర్జను, మత్తు వైద్యుడు, ఆపరేషను కేంద్రం వేర్వేరుగా బిల్లు పంపుతారు. అందం కోసమైతే బీమా ఇవ్వదు. నొప్పి, పాదరక్షలు మార్చినా ఫలితం లేకపోవడం రికార్డులో ఉండాలి. వంగిన వేలిని సరిచేయడానికి 28285, బొటనవేలి ఎముకను ముందుభాగంలో కోసి సరిచేయడానికి 28296 అనే ప్రక్రియ సంకేతాలు చెప్పి, తమ వాటా ఎంతో బీమా సంస్థను ముందే అడగవచ్చు. బీమా లేనివారికి ముందస్తు అంచనా రాసివ్వాలని 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం చెబుతోంది. సెలవులకు ఇండియా వచ్చి చేయించుకోవాలనుకునేవారు తిరుగు టికెట్టును సర్జనును అడిగాకే కొనాలి. కదలని కాలితో సుదీర్ఘ విమాన ప్రయాణం రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది, తీగ తీసేది కూడా ఆపరేషను చేసిన చోటే అయితే మేలు.

వేలు నిటారైనా స్పర్శ తిరిగి రాదు. కాబట్టి కుష్ఠు, మధుమేహం ఉన్నవారికి మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు అట్ట ఉన్న చెప్పులు జీవితాంతం కావాలి. కుష్ఠు కార్యక్రమం వీటిని ఉచితంగా ఇస్తుంది, అరిగినప్పుడల్లా అడిగి తీసుకోవాలి. రోజూ సాయంత్రం పాదాలను నీళ్ళలో నానబెట్టి, గరుకు రాయితో ఆనెను నెమ్మదిగా రుద్ది, నూనె రాసి, వేళ్ళ సందుల్లో ముల్లు, పగులు, ఎర్రదనం ఉన్నాయేమో వెలుతురులో చూసుకోవాలి. మధుమేహం ఉన్నవారు నానబెట్టడం, రాయితో రుద్దడం మాని, కడిగి తుడుచుకుని, ఆనెల సంగతి వైద్యుడికే వదలాలి. కనిపించిన చిన్న పుండును మరునాడే ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చూపించాలి.