తప్పు సైకిలుదైతే?

బస్సు, సైకిలు గుద్దుకుంటే జనం ముందు డ్రైవరు చొక్కా పట్టుకుంటారు. సందులోంచి అటూ ఇటూ చూడకుండా సైకిలు దూసుకొచ్చిన సంగతి ఎవరికీ పట్టదు. కోర్టు మాత్రం దాన్నీ చూస్తుంది.

2003లో సుప్రీంకోర్టు ముందుకు బొంబాయి కేసొకటి వచ్చింది. బస్సు తగిలి సైకిలుమీది కుర్రవాడు చనిపోయాడు. రోడ్డు నియమం పాటించనందుకు అతని వంతు తప్పు 25 శాతమని తేల్చి, తల్లిదండ్రులకు రావలసిన పరిహారాన్ని ఆ మేరకు తగ్గించారు. డ్రైవరుది తప్పే లేదనలేదు సుమా!

సైకిలుకు లైసెన్సు అక్కరలేదు. అయినా అదీ వాహనమే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ప్రకారం, రోడ్డుమీద ప్రాణాపాయం కలిగేలా నడిపితే ఆరు నెలల వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సైకిలు ఏ పక్కనుంచి వచ్చిందో, బ్రేకు గుర్తులు ఎక్కడున్నాయో చూసినవారు పంచనామాలో రాయించాలి.