మీకు తెలుసా? జోగిపేట నుంచి విదేశీ పీజీ దాకా

ఇంజినీరింగ్ మూడో ఏడు వచ్చేసరికి జోగిపేటలో చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది: "ఎమ్మెస్‌కు పంపుదామా?" అక్కడి నుంచి పిల్లలు బస్సెక్కి నేరుగా అమీర్‌పేట కన్సల్టెన్సీకి పోతారు. ఆ గడప తొక్కేముందు ఈ సంగతులు తెలిసి ఉంటే డబ్బు మిగులుతుంది, ధైర్యమూ వస్తుంది. ఇందులో గుట్టు ఏదీ లేదు. చెప్పేవాళ్లు లేక మన పిల్లల దాకా రాలేదు, అంతే.

ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే

మన పదో తరగతి మెమోలో పేరంతా ఒకే వరుసలో ఉంటుంది. ముందు ఇంటిపేరు, వెనక అసలు పేరు. పాస్‌పోర్టు దరఖాస్తులో మాత్రం గడులు రెండు: సర్‌నేమ్, గివెన్ నేమ్. తొందరలో పేరు మొత్తం ఒకే గడిలో నింపి రెండోది వదిలేసేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్ల అమెరికా వీసాలో గివెన్ నేమ్ దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' అని అచ్చవుతుంది. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్', అంటే మొదటి పేరు తెలియదని అర్థం. అమ్మానాన్న ముచ్చటపడి పెట్టుకున్న పేరున్న బిడ్డకు ఇదేం ఖర్మ? జీఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ పరీక్షలకూ పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా ఇవ్వాలి. అందుకే ముందు పాస్‌పోర్టు, ఆ తర్వాతే పరీక్ష ఫీజు.

మూడేళ్ల డిగ్రీకి తలుపు మూసుకోలేదు

బీటెక్ చదివినవాళ్లకే విదేశీ పీజీ అనుకుంటాం. అమెరికాలో చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి కాబట్టి మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ వాళ్లకు అక్కడ ఇబ్బంది వస్తుంది. ఇంగ్లండ్‌లో డిగ్రీయే మూడేళ్లు, ఎక్కువ మాస్టర్స్ కోర్సులు ఒక్క ఏడాదివి. యూరప్‌లోనూ మూడేళ్ల డిగ్రీ మామూలే. దేశం మారితే అర్హత కూడా మారుతుంది. ఒక్క దేశం కాదన్నదని పిల్లలు వెనక్కి తిరగక్కర్లేదు.

జీఆర్‌ఈ సగానికి సగం తగ్గింది

అన్నయ్యలు రాసిన జీఆర్‌ఈ నాలుగు గంటల దగ్గర దగ్గర ఉండేది. 2023 సెప్టెంబర్ నుంచి అది 1 గంట 58 నిమిషాలే. రెండు వ్యాసాలకు బదులు ఒక్కటే. వెర్బల్, క్వాంట్‌లకు ఒక్కోదానికి 130 నుంచి 170 మధ్య స్కోరు ఇస్తారు. ఆ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లకు మాత్రం రెండేళ్లే గడువు. కాబట్టి జీఆర్‌ఈ చదువుకుంటున్నప్పుడే రాసేయొచ్చు, ఇంగ్లిషు పరీక్ష దరఖాస్తులకు దగ్గరగా పెట్టుకుంటే మంచిది. ఇంకో మాట: జీఆర్‌ఈ అడగని యూనివర్సిటీలూ చాలా ఉన్నాయి. ముందు కోర్సు పేజీ చదవండి, ఆ తర్వాతే పరీక్షకు డబ్బు కట్టండి.

జర్మనీలో తక్కువొస్తేనే గొప్ప

జర్మనీ మార్కుల లెక్కలో 1 అంటే అందరికన్నా మేలు, 4 అంటే గట్టెక్కడం. మన మార్కులను వాళ్ల లెక్కలోకి మార్చడానికి ఒక సూత్రం వాడతారు. గరిష్ఠ మార్కుల్లోంచి మనకొచ్చినవి తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలపాలి. పాస్ మార్కు 40 అయిన చోట మీకు 76 శాతం వస్తే అది అక్కడ 2.2. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాలవాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేదని ఖర్చు లేదనుకోవద్దు. ఏడాది తిండికీ గదికీ సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపాలి. 2024 సెప్టెంబర్‌లో ఆ మొత్తం 11,904 యూరోలు అయింది. ఇవిగాక మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా కావాలి.

సిఫారసు లేఖ మీ చేతికి రాదు

సారు లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టిస్తే సిఫారసు లేఖ (ఎల్‌ఓఆర్) పని అయిపోయిందనుకుంటారు చాలామంది. యూనివర్సిటీ అలా తీసుకోదు. సారు మెయిల్‌కు నేరుగా లింకు పంపుతుంది, ఆయనే అందులో రాసి పంపాలి. చాలాచోట్ల కాలేజీ మెయిల్ ఐడీయే అడుగుతారు. అమెరికా దరఖాస్తులో ఇంకో ప్రశ్న ఉంటుంది: "ఈ లేఖ చూసే హక్కు వదులుకుంటున్నారా?" అక్కడి 1974 చట్టం విద్యార్థికి ఇచ్చిన హక్కు అది. వదులుకుంటేనే లేఖకు విలువ ఎక్కువని అక్కడివాళ్లు భావిస్తారు. అందుకే గడువుకు నెల ముందే సారు దగ్గరికి వెళ్లి, మీరు చేసిన ప్రాజెక్టు, ఆయన క్లాసులో మీరు అడిగిన ప్రశ్న, మీకొచ్చిన మార్కులు ఒక్క పేజీలో రాసి ఇవ్వండి. అరవైమంది ఉన్న క్లాసులో మీరెవరో ఆయనకు గుర్తుచేసేది ఆ పేజీయే.

పటాన్‌చెరు నీళ్లు ప్రపంచ పత్రికకెక్కిన రోజు

ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం (ఎస్‌ఓపీ, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అనగానే "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అని మొదలుపెడతారు. లక్షమంది రాసే వాక్యం అది. మన పక్కనే ఉన్నదేమిటో చూడండి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఒక పత్రం ప్రచురించింది. మందుల కంపెనీల నీళ్లు చేరేది ఆ కేంద్రానికే. శుద్ధి అయి బయటికొచ్చిన లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ చర్చ వచ్చినా ఇప్పటికీ పటాన్‌చెరు పేరు వినబడుతుంది.

ఇక్కడి వాగు వాసన ఎరిగిన పిల్ల, ఇక్కడి బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లవాడు ఆ శాస్త్రం చదవాలనుకుంటే చెప్పుకోవడానికి అంతకన్నా గట్టి కారణం ఏముంది? సింగూరు జలాశయం, పత్తి చేను, నాన్న షిఫ్టుకు పోయే ఫ్యాక్టరీ, ఇవన్నీ ఎస్‌ఓపీలోకి రావలసినవే. మీ కళ్లతో చూసిన ఒక్క సంగతి, దాని మీద మీకు పుట్టిన ఒక్క ప్రశ్న, ఆ ప్రశ్నకు జవాబు ఫలానా యూనివర్సిటీలో వెతుక్కోవచ్చని మీరనుకోవడానికి కారణం. ఈ మూడూ ఉంటే చాలు.

ప్రపంచమే మన దగ్గరికొచ్చింది

1972 నుంచి పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. దాని విత్తన బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల్లాంటి పంటల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా భద్రంగా ఉన్నాయి. పరిశోధన చేయడానికి ఆఫ్రికా, ఐరోపాల విద్యార్థులు అక్కడికి వస్తారు. కంది మొక్క జన్యుక్రమాన్ని 2011లో ఇక్రిశాట్ నాయకత్వంలోని బృందమే వెలువరించింది. కొంచెం ఇవతల కంది అనే ఊళ్లో ఐఐటీ హైదరాబాద్ ఉంది. దాని క్యాంపస్ కట్టడానికి జపాన్ సహకరించింది, ఐఐటీ విద్యార్థులు జపాన్ యూనివర్సిటీల్లో పైచదువులు చదవడానికి ప్రత్యేక ఉపకార వేతనాలూ వచ్చాయి. సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూలోనో జోగిపేట డిగ్రీ కాలేజీలోనో చదివే పిల్లలు ఇలాంటి చోట రెండు నెలలు ప్రాజెక్టు చేయగలిగితే, దరఖాస్తులో ఆ రెండు నెలల బరువే వేరు. అడగడానికి కావాల్సింది మర్యాదగా రాసిన ఒక మెయిల్.

అంబేద్కర్ పేరు ఊరికే పెట్టలేదు

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో బి.ఆర్. అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల పాటు. తర్వాత లండన్ చేరి చదువు సాగుతుండగానే వేతనం గడువు అయిపోయి 1917లో తిరిగి రావలసి వచ్చింది. మళ్లీ వెళ్లి ఆ చదువు పూర్తిచేశారు. డబ్బు లేక చదువు ఆగడం ఎలా ఉంటుందో ఆయనకు స్వయంగా తెలుసు.

ఇప్పుడు తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఇలాంటి పథకాలే ఉన్నాయి. 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ఈ-పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి: డబ్బు రెండు విడతల్లో వస్తుంది. మొదటిది అక్కడ దిగినట్టు కాగితం చూపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక. విమానం ఎక్కే దాకా అయ్యే ఖర్చు ఇంటివాళ్లే సర్దుకోవాలి. ముందే తెలిస్తే చివరి నిమిషంలో వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తే పని ఉండదు.

భూమిలేని కూలీల పిల్లలకూ ఒక పథకం

కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. ఎస్సీలకే అనుకుంటారు గానీ సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్ల పిల్లలకూ అందులో చోటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి ఏడాదికి 125 సీట్లు, అందులో 30 శాతం ఆడపిల్లలకు.

పొలం ఉన్నా బ్యాంకు ఎందుకు కాదంటుంది?

నాన్న పట్టాదారు పాసుపుస్తకం కవరులోంచి తీసి మేనేజరు బల్ల మీద పెడతాడు. నాలుగెకరాలు, రోడ్డు పక్కనే. మేనేజరు ఒకసారి తిరగేసి వెనక్కి జరుపుతాడు. నాన్నకు అవమానంగా ఉంటుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. బాకీ తీరకపోతే కోర్టుకు పోకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. రైతును కాపాడటానికి పెట్టిన మినహాయింపు అది. అందుకే చదువు లోనుకు బ్యాంకులు ఎక్కువగా ఇల్లు, ప్లాటు, డిపాజిట్ అడుగుతాయి. మామూలు పద్ధతిలో 4 లక్షల దాకా హామీ అక్కర్లేదు, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు కావాలి. కొన్ని పేరున్న యూనివర్సిటీలకు ఇంతకన్నా మెరుగైన షరతులుంటాయి. చదువు నడిచినంతకాలం కిస్తీ ఉండదు గానీ వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఏప్రిల్ 15 దాకా ఊపిరి పీల్చుకోవచ్చు

ఒక అమెరికా యూనివర్సిటీ ఫండింగ్‌తో సీటిచ్చి "వారంలో చెప్పండి" అంటే కంగారు పడొద్దు. ఫాల్ సెమిస్టర్‌కు ఆర్థిక సాయంతో ఇచ్చిన సీటుకు ఏప్రిల్ 15 కన్నా ముందు జవాబివ్వనక్కర్లేదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఉంది. చాలా యూనివర్సిటీలు దానికి ఒప్పుకున్నాయి.

క్లాసులే లేని కాలేజీ

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వందలాది తెలుగు పిల్లలు వీధిన పడ్డారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయులను నిర్బంధించారు. ఆ యూనివర్సిటీని పెట్టింది స్వయంగా అమెరికా ప్రభుత్వ అధికారులే, వీసా మోసాలు పట్టుకోవడానికి. అది గుర్తింపు ఉన్న యూనివర్సిటీల అధికారిక జాబితాలోనూ కనిపించింది. కాబట్టి జాబితాలో పేరుంటే చాలదు. పంతుళ్లెవరు, క్లాసులు ఏ రోజుల్లో, ల్యాబు ఎక్కడ అని అడగండి. "క్లాసులు అక్కర్లేదు, దిగిన రోజు నుంచే ఉద్యోగం" అని ఎవరైనా చెబితే ఆ గది నుంచి లేచి వచ్చేయండి.

మూడోసారి గట్టెక్కిన మెట్రిక్

బ్యాక్‌లాగులున్నాయని కుంగిపోయేవాళ్లకు ఒక మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు. మామగారి సాయంతో, ఒక ధర్మసంస్థ సాయంతో హార్వర్డ్ చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పనివాడిగా చేశారు. 1930లో అక్కడే పీహెచ్‌డీ పొందారు. క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ నేటికీ వాడే మెథోట్రెక్సేట్ వెనక ఉన్నది ఆయన పరిశోధనే.

ఎస్‌ఓపీ ముందు తెలుగులో రాయండి

1921 నవంబర్ 12న హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది పెరిగి పెద్దదై 1930 మార్చిలో తొలి ఆంధ్ర మహాసభ జరుపుకున్నది మన జోగిపేటలోనే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. పక్కనే ఆడవాళ్ల సభ కూడా జరిగింది, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు.

ఆ ఊరి పిల్లలు ఇంగ్లిషులో ఎస్‌ఓపీ రాయడానికి కూర్చుని, మాటలు రాక, ఎవరో రాసింది కొనుక్కుంటుంటే బాధేస్తుంది. ముందు తెలుగులో రాయండి. ఎందుకు చదవాలనుకుంటున్నారో, ఏం చూసి అలా అనిపించిందో అమ్మకు చెప్పినట్టు రెండు పేజీలు రాయండి. అమ్మకు చదివి వినిపించండి. ఆమెకు అర్థం కాని చోటల్లా మీకూ ఇంకా స్పష్టత రాలేదని తెలుస్తుంది, అక్కడ దిద్దుకోండి. ఆ తర్వాత ఇంగ్లిషులోకి తెచ్చుకోండి. అప్పుడు వీసా అధికారి "ఈ కోర్సే ఎందుకు?" అని అడిగినా బట్టీ పట్టిన జవాబు వెతుక్కోనక్కర్లేదు. అమ్మకు చెప్పిందే చెప్పొచ్చు.