ఏడాదికో వారం, పాతికేళ్ల బాకీ

టైమ్‌షేర్ అంటే ఒక విడిది గదిని ఏడాదికి ఆరేడు రాత్రుల చొప్పున, ఏళ్ల తరబడి వాడుకునే హక్కును ముందే డబ్బు కట్టి తీసుకోవడం. ఒప్పందం పదేళ్లకు ఉండవచ్చు, పాతికేళ్లకు ఉండవచ్చు. పాతవాటిలో 99 ఏళ్లవీ ఉన్నాయి. ఈ పద్ధతి 1960లలో ఐరోపాలో పుట్టింది. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే సంస్థ మొదలై, ఒక చోటి వారాన్ని ఇంకో చోటి వారంతో మార్చుకునే వీలు కల్పించాక బాగా పాకింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ ఈ వ్యాపారంలోకి దిగాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వాసులకు ఇది ఎదురయ్యేది ఎక్కువగా హైదరాబాద్‌లోనే. పెళ్లి బట్టలకని దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన నల్లగొండ కుటుంబమో, పని మీద నగరానికి వచ్చిన పాలమూరు టీచరో మాల్ గుమ్మం దగ్గరో, పెట్రోల్ బంకులోనో, నాంపల్లి నుమాయిష్‌లోనో లక్కీ డ్రా కూపన్ నింపుతారు. వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది: బహుమతి తగిలింది, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకెళ్లాలి. కిటుకంతా ఆ ‘ఇద్దరూ’ అన్న మాటలోనే ఉంది. ఒక్కరే వస్తే ‘ఇంట్లో అడిగి చెప్తా’ అని లేచిపోవచ్చు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటే ఆ సాకు ఉండదు. హోటల్ హాల్లో గుండ్రటి బల్లలు, పెద్దగా పాటలు, మూడు గంటల మాటలు. ఎవరో సభ్యత్వం తీసుకున్నారని మధ్యమధ్య చప్పట్లు. చివరికి మేనేజర్ వచ్చి కాగితం మీద ధర కొట్టేసి సగం రాస్తాడు. ఆ ధర ఆ రాత్రికే. కార్డు గీకిన తరువాత చేతికొచ్చే ఒప్పందం పేజీలకు పేజీలు, సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది.

ఆ బల్ల మీద చెప్పే లెక్క సగమే. సభ్యత్వం 3 లక్షలు, 25 ఏళ్లు, ఏటా 7 రాత్రులు అనుకుందాం. మొత్తం 175 రాత్రులు. రాత్రికి 1,714 రూపాయలు పడుతుంది. చవకే. కానీ ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము వేరే ఉంటుంది. అది మొదటి ఏడు 15,000తో మొదలై ఏటా 6 శాతం పెరిగితే, 25వ ఏట 60 వేలు దాటుతుంది. పాతికేళ్లలో రుసుములే 8 లక్షల 23 వేలవుతాయి. ఇప్పుడు రాత్రికి పడేది 6,400 పైచిలుకు, అదీ ఒక్క రాత్రి కూడా వదలకుండా వాడుకుంటే. జీఎస్టీ, తిండి, రైలు ఛార్జీలు ఇందులో లేవు. అదే 3 లక్షలు నూటికి రూపాయి వడ్డీకి తిప్పినా నెలకు 3,000, ఏడాదికి 36,000 వస్తుంది. ఆ వడ్డీతో ఏటా ఎక్కడికో ఒక చోటికి వెళ్లిరావచ్చు, అసలు కదలదు.

రుసుము కట్టకపోతే గది బుక్ కాదు. కట్టినా దొరుకుతుందన్న హామీ లేదు. కంపెనీలు ఏడాదిని సీజన్లుగా విడగొట్టి, ఒక్కో సీజన్‌కు ఒక్కో ధర పెడతాయి. చవక సభ్యత్వం ఎవరూ తిరగని నెలలకే చెల్లుతుంది. బడి పిల్లలున్న ఇంటికి సెలవులు దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలంలో. అందరూ గదులు అడిగేదీ అప్పుడే.

‘సొంతం’ అన్న మాటనూ సరిచూసుకోవాలి. మన దగ్గర అమ్మేది ఎక్కువగా వాడకపు హక్కే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు ఉండదు, పట్టాదారు పాస్‌బుక్కు లాంటిదేమీ చేతికి రాదు. భూమిలా ధర పెరుగుతుందనుకుంటే పొరపాటు. తిరిగి అమ్మబోతే కొనేవాళ్లు దొరకడం కష్టం, దొరికినా పెట్టిన దాంట్లో కొంతే వస్తుంది. రాత్రులు వాడుకోకపోతే డబ్బు పెరిగి తిరిగొస్తుందని ఎవరైనా చెబితే అది ఇంకా పెద్ద ప్రమాదం. ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ ఇలా విడిది రాత్రుల పేరుతో సుమారు 51 లక్షల మంది దగ్గర 7,035 కోట్లు వసూలు చేసిందని, అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని సెబీ 2016లో తేల్చింది.

బయటపడటానికి అన్నిటికన్నా మంచి సమయం మొదటి కొద్ది రోజులే. ఐరోపా సమాఖ్యలో టైమ్‌షేర్ కొన్నవారికి 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కును చట్టమే ఇచ్చింది. మన దగ్గర టైమ్‌షేర్‌కంటూ అలాంటి చట్టం లేదు. ఒప్పందంలో రాసుకున్నదే ఆధారం. కొన్ని కంపెనీలు పది రోజుల గడువు ఇస్తాయి. రద్దు కోరుతున్నట్టు ఆ లోపే ఈమెయిల్ పెట్టి, అదే ఉత్తరాన్ని అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాలి. ఫోన్లో చెప్పిన మాట రుజువుకు నిలవదు.

కిస్తీల మీద తీసుకుంటే, డబ్బు ఎవరికి బాకీ ఉన్నామో ముందు చూసుకోవాలి. చాలాసార్లు కంపెనీకి మొత్తం ఒకేసారి ముట్టి ఉంటుంది; నెలనెలా కట్టేది బ్యాంకుకో ఫైనాన్స్ సంస్థకో. రిసార్టు మీది కోపంతో కిస్తీ ఆపేస్తే దెబ్బతినేది సిబిల్ స్కోరు.

గడువు దాటాక మిగిలే దారి వినియోగదారుల కమిషన్. ఒప్పందంలో ‘వివాదాలు ముంబై కోర్టుల్లోనే’ అనో ‘చెన్నై కోర్టుల్లోనే’ అనో ఉండే వాక్యం చూసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు; నల్లగొండ వాసి నల్లగొండలోనే, మహబూబ్‌నగర్ వాసి మహబూబ్‌నగర్‌లోనే. మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు ఉన్నా వినియోగదారుడి ఫిర్యాదుకు అది అడ్డు కాదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో చెప్పింది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా తానే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. సేవా లోపం మీదా, మోసపు వ్యాపార పద్ధతి మీదా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఒప్పందమే అన్యాయంగా ఉందన్నది వాదన అయితే హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. గది అడిగిన తేదీలు, ‘ఖాళీ లేదు’ అన్న జవాబుల స్క్రీన్‌షాట్లు, హాల్లో చేతిరాతతో ధర రాసిచ్చిన ఆ కాగితం కేసుకు ప్రాణం. ఇంటికి రాగానే చాలామంది పారేసేది ఆ కాగితాన్నే.

సభ్యత్వంతో విసిగినవారి కోసం ఇంకో వల కాచుకుని ఉంటుంది. ‘మీ సభ్యత్వం కొనడానికి పార్టీ సిద్ధంగా ఉంది, జీఎస్టీ, ఎన్ఓసీ ఖర్చు ముందు పంపండి’ అంటూ ఫోన్ వస్తుంది. సభ్యత్వం నంబరు, కట్టిన మొత్తం తప్పులేకుండా చెబుతారు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. ఇది ఇక్కడి సంగతే కాదు. మెక్సికోలో ఒక మాదకద్రవ్యాల ముఠా అమెరికా టైమ్‌షేర్ యజమానులను ఇలాగే దోచుకుంటోందని, ఆ ముఠాతో సంబంధమున్న కంపెనీలపై అమెరికా ప్రభుత్వం 2023లో ఆంక్షలు విధించింది. నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. పొరపాటున పంపితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.